గిరిప్రదక్షిణ సూచనకు ఒక వ్యాఖ్యానం

మూలం: “బృంద సభ్యులెల్లరు పాదచారులై, క్రమశిక్షణ వీడక, నాయకుని అనుసరింపవలెను. మార్గము సుగమము. వెనుకబడినవారి బాధ్యత వారిదే.”

అవతారిక: ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్లు కొండచుట్టూ నడవబోయే మా వీధివాళ్లకు నాయకులవారు ఫోన్లో అనుగ్రహించిన గద్యమిది. ఆధారం లేనిదే రాయనన్న మల్లినాథసూరి బాటే నాదీ. నా ఆధారం నా అరికాళ్లు.

టీక: “సభ్యులెల్లరు” సులభం, వదిలేస్తున్నాం. “పాదచారులై” అన్నది మనకు విధి, నాయకులవారికి వికల్పం. ఆయన హనుమంతవాకలో ఒకసారి, వెంకోజీపాలెంలో ఒకసారి బండిమీద దర్శనమిచ్చారు. కంటికి కనపడనివాణ్ణి అనుసరించడం భక్తిలో పరాకాష్ఠ. “సుగమము”: జోడుగుళ్లపాలెం దిగి, సముద్రంలో మునకేసి, ఉప్పునీటి తడిపంచెతో మళ్లీ నడక మొదలుపెడితే, ఎంత సుగమమో ఎంవీపీ కాలనీ చేరేలోపు తొడలే చెబుతాయి.

విశేషాంశం: ప్రసంగవశాత్తు చందనం. సింహాచలం స్వామి అప్పన్న నిజరూపం కనిపించేది అక్షయ తృతీయ ఒక్కనాడే. తక్కిన ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. అక్షయ తృతీయనాడు పూసేది 3 మణుగులు, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు మూడేసి, వెరసి 12. మనం ఉత్తకాళ్లతో తారురోడ్డు తొక్కిన మర్నాడే స్వామికి ఆఖరి విడత. చందనం అరగదీయడం ఎంత నింపాది పనో! సానమీద నీళ్లు చిలకరించి చెక్కను గుండ్రంగా తిప్పుతూనే ఉండాలి. అదీ ఒక ప్రదక్షిణే. 1516లో కళింగ దండయాత్రలో ఇక్కడికొచ్చిన కృష్ణదేవరాయలు తన కానుకలను శాసనంలో చెక్కించాడు. ఆయన పరివారంలోనూ దారి చెప్పేవారు గుర్రం దిగి ఉండరు. ఎక్కడున్నాం? ఆ, సూచన.

“వెనుకబడినవారి”: ఎవరు వాళ్లు? మా ఆడవాళ్లు. దారి పొడవునా జనం మజ్జిగ, పులిహోర పిలిచి మరీ ఇస్తారు. మా పిన్ని చేతికొచ్చిన మజ్జిగ గ్లాసును పక్కవాళ్లకిచ్చేసింది. మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు. తాగితే ఎక్కడికెళ్లాలి? మరుగుదొడ్లు ఏయే చోట్ల ఉన్నాయో నాయకులవారు కనుక్కోలేదు; గ్రాంథికంలో అది ఇమడదనుకున్నారు కాబోలు. మాధవధార దగ్గర పిన్ని కళ్లు తిరిగి ఎవరింటి అరుగుమీదో కూలబడింది. “బాధ్యత వారిదే.”

తాత్పర్యం: వచ్చే ఏడాదికి మూడు ముక్కలు చాలు: నీళ్లెక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, ఎక్కడ ఆగి అందర్నీ లెక్కపెడతారు. రాసినవారు చెప్పులు విప్పి అందరికన్నా వెనక నడవాలి. కాదని మళ్లీ గద్యం పంపినచో టీక రాయబడదు. ఫోన్ చేసి అచ్చతెలుగులో తిట్టబడును.