ఎవరినీ నొప్పించకుండా మీరు మీలా ఉండటం ఎలా?

ఈ మధ్య ఎవరిని కదిపినా ఒకటే సలహా: నువ్వు నీలా ఉండు. టీవీలో చెబుతున్నారు, కాలేజీ వార్షికోత్సవంలో ముఖ్య అతిథి చెబుతున్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లిన కుర్రాడికి వాళ్ల నాన్న ఏం చెబుతాడో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ మార్గదర్శిని. ఇందులో రాసినట్టు నడుచుకుంటే మీరు అచ్చం మీలాగే ఉంటారు. ఆ సంగతి మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ముందు మీరెవరో తేలాలి. కంగారు పడకండి, దీనికి ఆత్మపరిశీలన లాంటివి అక్కర్లేదు. పదో తరగతి ఫలితాలు రాగానే అమ్మానాన్నలు, పై వాటాలో అద్దెకున్నవాళ్లు, ఇంటికొచ్చి సోఫాలో కూర్చున్న కాలేజీ పీఆర్వో కలిసి మీ తరఫున తేల్చేస్తారు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ అని గ్రూపులున్నాయి. మీరు మొదటి రెండింట్లో ఒకటి. మీకు చరిత్ర అంటే ప్రాణమనుకోండి, ఎంపీసీలో చేరి ఆ ప్రాణాన్ని వేసవి సెలవులకు దాచుకోండి. వేసవి సెలవుల్లో కోచింగ్ ఉంటుంది కాబట్టి దాచింది దాచినట్టే భద్రంగా ఉంటుంది. హెచ్ఈసీ బోర్డువారి పట్టికలో ఉన్నమాట నిజమే గానీ, దాన్ని చదివిన మనిషిని మన చుట్టాల్లో ఎవరూ కళ్లారా చూడలేదు. ఆపైన ఈఏపీసెట్: 3 గంటలు, 160 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ఇంట్లో ఉంటుంది.

ఇక మీకు పాటో, బొమ్మలో, నాటకమో ఏదైనా వచ్చి ఉండొచ్చు. భయం లేదు, సకాలంలో గుర్తిస్తే నయమవుతుంది. సంగీతాన్ని పెళ్లిచూపుల్లో ఒక కీర్తన పాడగలిగేంతవరకు నేర్చుకుని అక్కడ ఆపాలి. అంతకుమించి నేర్చుకున్న అమ్మాయి కచేరీలకు వెళతానంటుంది, కచేరీలు రాత్రిపూట ఉంటాయి. 1980లో ‘శంకరాభరణం’ చూసి కళ్లొత్తుకున్న ఇళ్లే, చదువు పాడవుతుందని పిల్లల సంగీతం క్లాసు మాన్పించాయి. ఇందులో వైరుధ్యమేమీ లేదు. కళ మీద మనకు అపారమైన గౌరవం, అది పక్కింటివాళ్ల పిల్లలు చేస్తున్నంతకాలం. మీరు మరీ మొండికేస్తే బాపును చూపిస్తారు: ‘ఆయనా లా డిగ్రీ పుచ్చుకున్నాకే కదరా బొమ్మలేసింది!’ బాపు మద్రాసులో న్యాయశాస్త్రం చదివిన మాట వాస్తవం. ఆ పట్టాతో ఆయన ఏం చేశాడని మాత్రం ఎదురు అడక్కండి. పెద్దలకు ఎదురు మాట్లాడటం ఈ మార్గదర్శిని పరిధిలోకి రాదు.

అనుమతి అడిగే విధానం. మన ఇళ్లలో ఎవరూ వద్దనరు. ‘నీ ఇష్టం’ అంటారు. కొత్తవాళ్లు ఇక్కడే పొరపడి, ఇష్టప్రకారం చేసేసి, దెబ్బతింటున్నారు. అమ్మ అన్న ‘నీ ఇష్టం’ను వెనకే వంటింట్లోంచి వచ్చే గిన్నెల చప్పుడుతో కలిపి వినాలి. నాన్న పేపరు దించకుండా అంటే వద్దని, పేపరు దించి, కళ్లజోడు తీసి అంటే ఈ జన్మకు వద్దని. ‘మీ కాలం మీది, మాదేముందిలే, ఇవాళో రేపో పోయేవాళ్లం’ అని బామ్మ అందంటే మీ ప్రయత్నాన్ని ఆవిడ నూరేళ్లూ నిండేదాకా వాయిదా వేసుకోవాలి. అలా అనే బామ్మలు దీర్ఘాయుష్మంతులు. కాబట్టి తెలివైనవాడు అడగడు. వాళ్లేం కోరుకుంటున్నారో ముందే కనిపెట్టి, అదే తనకూ ఇష్టమని తానే ప్రకటించేస్తాడు. అప్పుడు అంతా అతని ఇష్టప్రకారమే జరుగుతుంది.

ఇంత చెప్పినా వినకుండా కొందరు ఇష్టమైన పని మొదలుపెట్టేస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి పిల్లలకు నాటకాలు నేర్పుతున్నారనుకోండి. తప్పు జరిగిపోయింది, ఇక దాచడం ఎలాగో చూద్దాం. అసలు పరీక్ష పెళ్లిభోజనాల దగ్గర ఉంటుంది. 2020కి ముందు దీనికి మందు లేదు. కరోనా వచ్చి ఎన్నో తీసుకుపోయింది గానీ, దారి తప్పినవాళ్లందరికీ ఒక్క మాట ఇచ్చిపోయింది.

‘ఏరా, ఏం చేస్తున్నావిప్పుడు?’

‘వర్క్ ఫ్రమ్ హోమ్ పెదనాన్నా.’

‘ఓహో. ప్యాకేజీ ఎంతేమిటి?’

‘బానే ఉంది పెదనాన్నా.’

‘మంచిది, మంచిది. బాబూ, ఇటు సాంబారు!’

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ పెద్దమనిషిని గమనించండి. పప్పు దగ్గర పుట్టిన ప్రశ్న సాంబారు దగ్గర చచ్చిపోయింది. పెరుగన్నం వేళకి ఆయన ధ్యాసంతా తిరుగు బస్సు మీద ఉంది. ఇంటికెళ్లాక పెదనాన్న మీ గురించి పెద్దమ్మతో ఏమీ చెప్పడు. వంకాయ కూరలో ఉప్పెక్కువైందని చెబుతాడు. ఈ సంభాషణకు భయపడి మీరు నచ్చని కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చుని ఉండొచ్చు. ఆ సంగతి ఆయనకు తెలియదు, తెలిస్తే పాపం నొచ్చుకుంటాడు కూడా: ‘నేనేదో పలకరింపుగా అడిగాను గదరా!’ అంచేత చెప్పకండి. పెద్దవాళ్లను బాధపెట్టకూడదు.

ఆడపిల్లలకు వేరే సూచనలున్నాయి, అవి ఇంతకు రెట్టింపు. అన్నీ రాస్తే పత్రిక చాలదు. ఒక్కటి చెబుతాను: మీరు మీలా ఉండాలంటే పాతకాలంలో పుట్టి ఉండాల్సింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను చూడండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరు. వయసు 14 ఏళ్లు. టికెట్టు లేదని నెహ్రూనే గుమ్మంలో నిలబెట్టింది, టికెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. ఎనిమిదో ఏట చేసిన పెళ్లిని, ఊహ తెలిశాక, నాకొద్దని చెప్పి బయటికొచ్చింది. జైలుకెళ్లింది, లా చదివింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో, 43 ఏళ్ల వయసులో, తనకు నచ్చిన చింతామన్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడింది. ఆ పెళ్లికి సాక్షుల్లో ఒకరు, కాకినాడలో గుమ్మం దగ్గర ఆగిన ఆ నెహ్రూగారే. ఇప్పుడు మనందరికీ ఆవిడంటే ఎంత గర్వమో! ఆవిడ జీవితం మీద మీ పాఠశాలలో వ్యాసరచన పోటీ తప్పక పెట్టండి. మొదటి బహుమతి వచ్చిన అమ్మాయి లా చదువుతానంటే, పెళ్లయ్యాక అత్తారింటివాళ్లు ఒప్పుకుంటే చదువుకోమనండి.

గిడుగు రామమూర్తిగారిదీ ఇదే వరస. పర్లాకిమిడిలో హాయిగా పంతులుద్యోగం చేసుకోక, సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు బడి పెట్టి, ఆపైన వాడుక తెలుగు కోసం పండితులందరితో తగువు పెట్టుకున్నాడు. ‘నీకెందుకురా ఇవన్నీ’ అని నచ్చజెప్పే పెద్దమనుషులెవరూ అప్పట్లో ఆయన చుట్టూ లేరేమో. ఏమైతేనేం, ఆగస్టు 29న దండలు వేస్తున్నాం.

ఇదంతా పడలేక అమెరికా పోతే అడిగేవాడుండడని కొందరి ఆశ. మంచిదే, ముందు చిలుకూరు బాలాజీ దగ్గరికి వెళ్లండి. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా కోసం తిరిగేవాళ్లతో ఆ గుడి ప్రాకారం ఎప్పుడూ కిటకిటలాడుతుంటుంది. నన్ను నాలా ఉండనీ స్వామీ అని తిరిగే భక్తుడు నాకైతే ఇంతవరకు తారసపడలేదు. తీరా ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో దిగాక తెలుస్తుంది, పై వాటావాళ్లు మీకంటే ముందే వచ్చి పక్క వీధిలో ఇల్లు కొన్నారని. గ్రీన్‌కార్డు ఎంతవరకు వచ్చింది, అమ్మాయికి కూచిపూడి పెట్టించారా, ఇంకా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారా? సాంబారు అక్కడా దొరుకుతుంది, దాని దగ్గర ప్రశ్నలూ దొరుకుతాయి.

కాబట్టి సర్వోత్తమ మార్గం, రిటైరయ్యేదాకా ఆగడం. అప్పటికి ర్యాంకు, ఉద్యోగం, పెళ్లి, ఇల్లు, పిల్లల ర్యాంకులు, పిల్లల పెళ్లిళ్లు అన్నీ అయిపోయి ఉంటాయి. మీ నుంచి ఎవరికీ ఏ ఆశలూ ఉండవు. అటక మీద వీణ దించి, దుమ్ము దులిపి, తీగలు మార్పించండి. మేష్టారితో మాట్లాడుకోండి. సరిగ్గా అప్పుడే ఫ్రిస్కో నుంచి కోడలు నీళ్లోసుకున్న వార్త వస్తుంది. పురిటికి మీరు వెళ్లి ఆర్నెల్లుండాలి, ఆ తర్వాతి ఆర్నెల్లకు వియ్యపురాలు వస్తుంది, మళ్లీ మీ వంతు. మీరు తిరిగి వచ్చాక మొదటి వారం మాత్రం ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు. ఆ వారం పూర్తిగా మీదే. పగలు నిద్రొస్తుంది, రాత్రి రెండింటికి మెలకువొస్తుంది. కావాలంటే అప్పుడు లేచి వీణ వాయించుకోవచ్చు, పై వాటావాళ్లు లేవనంత మెల్లిగా.