చెడ్డ కెమెరానే కొనండి

ఫొటోల మీద మోజు తగ్గిపోయిందా? అయితే మంచి కెమెరా జోలికి పోకండి. బొమ్మలా ఉండే ప్లాస్టిక్ కెమెరా ఒకటి కొనండి. నా ఫోనులో వేలకొద్దీ ఫొటోలున్నాయి, రెండోసారి తెరిచి చూసినవి లేవు. హోల్గా అనే అలాంటి కెమెరాతో తీసిన మొదటి రీలులోని పన్నెండూ మాత్రం వరసగా చెప్పగలను.

హోల్గా 1982లో హాంకాంగ్‌లో పుట్టింది. వేసేది 120 రీలే. ఒకప్పుడు మన ఇళ్లలో అగ్ఫా క్లిక్-3లో, ఊటీలో తయారైన ఇందు రీలు వేసేవాళ్లు కదా, ఆ సైజే. లెన్సు పక్కన ఎండకొకటి, మబ్బుకొకటి అని చిన్న మీట ఉంటుంది. పాతవాటిలో దాన్ని ఎటు జరిపినా లోపలి కన్నం మారదు. బాగుచేయించకండి. మీట పనిచేయదని తెలిశాక కన్నే వెలుతురు వెతుక్కుంటుంది. మా అరుగు మీదికి ఎండ ఎనిమిదింటికి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

లెన్సు చుట్టూ, దూరాన్ని బట్టి తిప్పుకోవడానికి, ఒక మనిషి, ముగ్గురు మనుషులు, గుంపు, కొండ అని గుర్తులుంటాయి. అడుగులు లెక్కపెట్టకండి. ఎదుటివాళ్లు మీకు ఏమనిపిస్తే ఆ గుర్తు మీదికి తిప్పండి. నాకు మా నానమ్మ ఎప్పుడూ కొండే. ఫొటోలో ఆవిడ మసకగా, వెనక తాటిచెట్లు స్పష్టంగా పడ్డాయి. ఇంట్లో ఆవిడవి స్టూడియో ఫొటోలు మూడున్నాయి. నేను తీసి చూసుకునేది దీన్నే.

మసక అంటే భయపడకండి. అమెరికాలో నాన్సీ రెక్స్‌రోత్ డయానా అనే బొమ్మ కెమెరాతో తీసిన ఫొటోలు 1977లో 'అయోవా' పేరుతో పుస్తకంగా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం తీసింది ఒహాయోలో! చిన్నప్పుడు చుట్టాలింటికి వెళ్లి చూసిన అయోవాను ఆమె అక్కడ పట్టుకుంది. అన్నీ కచ్చితంగా చూపించే లెన్సుకు అది దొరికేది కాదని నా నమ్మకం.

కెమెరా వెనక మూత సందుల్లోంచి వెలుతురు దూరుతుంది, నల్ల టేపు అంటించమంటారు. వద్దు. ఆ ఎర్రటి చార ఆ రోజు ఎండది, ఉండనివ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం, రీలు తిప్పడం అప్పుడప్పుడూ మర్చిపోండి. హోల్గాలో షట్టరుకూ రీలుకూ లంకె లేదు, తిప్పకపోయినా మళ్లీ నొక్కుకుంటుంది. డాబా మీద అమ్మ ఎండుమిరపకాయలు ఆరబోస్తుంటే ఒకటి తీసి, తిప్పకుండానే మర్నాడు బస్టాండులో ఇంకోటి తీశాను. కడిగించి చూస్తే ఆర్టీసీ బస్సు టాపు నిండా మిరపకాయలు, వాటిని సర్దుతూ అమ్మ చెయ్యి. కావాలని తీద్దామంటే నావల్ల అయ్యేది కాదు.

పన్నెండూ అయ్యాక రీలు వెనకుండే కాగితం బిగించి చుట్టి, కొసనున్న జిగురు పట్టీని నాలుకతో తడిపి అంటించండి. తేదీ రాయకండి, వెంటనే కడిగించకండి. బీరువాలో బట్టల కింద పడేయండి. వేడికి రంగులు మారతాయని స్టూడియో ఆయన కోప్పడతాడు. మారనివ్వండి. సంక్రాంతికి తీసిన రీలు నేను శ్రావణంలో కడిగించాను. ఏం తీశానో పూర్తిగా మర్చిపోయి, నెగెటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. మూడో గడిలో ఆరేళ్ల మా మేనల్లుడు తెల్లజుట్టుతో, నల్లటి పళ్లతో నవ్వుతున్నాడు.