మంత్రసాని సంతకం

భారత రాష్ట్రపతి కావాలంటే రాజ్యాంగం 58వ అధికరణం అడిగేవి నాలుగే: పౌరసత్వం, నిండిన 35 ఏళ్లు, లోక్‌సభకు పోటీ చేసే అర్హత, చేతిలో లాభదాయక పదవి లేకపోవడం. పురుడు ఎక్కడ పోశారు, బొడ్డు ఎవరు కోశారు అన్న ఊసే లేదు. అంత లావు పుస్తకం రాసి ఈ ఒక్క ముక్క మరిచారని కనిగిరి బస్టాండు పక్క టీకొట్టు ధర్మాసనం ఎప్పుడో తేల్చేసింది.

"పరాయి దేశంలో పుట్టినోళ్లకి మన కుర్చీ ఏంది సామీ?"

ఇదే ఆవేదన 1999 మేలో శరద్ పవార్, పి.ఎ. సంగ్మా, తారిక్ అన్వర్‌లకూ కలిగింది. ఇటలీలో పుట్టిన సోనియా ప్రధాని కాకూడదన్నారు, కాంగ్రెస్ వెళ్లగొడితే వేరు కుంపటి పెట్టారు. ఆ ఏడాది అక్టోబరుకే మహారాష్ట్రలో అదే కాంగ్రెస్‌తో కలిసి సర్కారు వండుకున్నారు. 2004 వచ్చేసరికి సోనియా నడిపించే కూటమి ప్రభుత్వంలో పవార్ గారు వ్యవసాయ మంత్రి. ఈ ఐదేళ్లలో ఆవిడ పుట్టిల్లు ఇటలీ నుంచి ఆయన బారామతికి మారినట్టుంది. ఆ 2004లోనే సుష్మా స్వరాజ్, సోనియా ప్రధాని అయితే గుండు చేయించుకుంటాననీ, తెల్లచీర కట్టి, నేల మీద పడుకుని, వేయించిన శనగలతో బతుకుతాననీ ప్రకటించారు. గుండు తిరుమల మొక్కే అనుకునే మనకు దేశభక్తికీ క్షవరం కత్తి కావాలని అప్పుడే తెలిసింది. అంతకు ముందు 1999లో, తెలుగువాళ్లు దండిగా ఉన్న బళ్లారిలో ఈ ఇద్దరే తలపడ్డారు. ఓటర్లు జన్మనక్షత్రం చూడకుండా సోనియానే గెలిపించారు.

సరే, మట్టినే కొలబద్ద చేద్దాం. మన్మోహన్ సింగ్ పుట్టిన గాహ్, అద్వానీ పుట్టిన కరాచీ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నాయి. కాబట్టి ఇద్దరికీ మార్కులు సున్నా. పాకిస్తాన్‌ను ఏలిన ముషారఫ్ పుట్టింది ఢిల్లీలో, మమ్నూన్ హుస్సేన్ పుట్టింది ఆగ్రాలో. పుట్టుకే ముఖ్యమంటే రైసినా హిల్ వాళ్లకు రాసిపెట్టాల్సింది. మన తెలుగు రాష్ట్రపతుల సంగతి ఇంకా ముచ్చట. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి ఇప్పుడు తమిళనాడులో ఉంది, వి.వి. గిరి పుట్టిన బరంపురం ఒడిశాలో ఉంది. ఈ ముగ్గురిలో అచ్చంగా మన హద్దుల్లో పుట్టినవాడు ఇల్లూరు నీలం సంజీవరెడ్డి ఒక్కడే. ఆయన్ని 1969లో ఓడించింది ఎవరు? ఆ బరంపురం గిరి గారే. 1977లో 37 నామినేషన్లు పడితే 36 కొట్టేసి సంజీవరెడ్డిని ఏకగ్రీవం చేశారు. ఆ 36లో ఒక్కటీ పుట్టిన ఊరు నచ్చక కొట్టేసింది కాదు.

ఇక ధర్మాసనంలో ముందు బెంచీ పెద్దమనిషి విషయానికొద్దాం. జేబులో ఫోను, ఫోనులో మనవడు, మనవడిది డాలస్. "మావాడు పుట్టుకతోనే అమెరికా సిటిజన్" అని అడగకముందే చెప్తాడు. వేసవిలో వాడు దిగితే ఇంటికి క్యాన్ల ఆటో వస్తుంది. కనిగిరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కదా, వాడు కాళ్లు కడుక్కోవడానికీ ఇరవై లీటర్ల క్యానే. ఇలాంటి పౌరుడి కోసం మనవాళ్లు పడే పాట్లు ఇన్నా అన్నా? కాన్పు కోతకు ముహూర్తం సిద్ధాంతి పెట్టడం మన ఆనవాయితీ. 2025 జనవరి 20న ట్రంప్ తానే పెట్టాడు. నెల గడిచాక పుట్టే బిడ్డలకు, తల్లిదండ్రులది హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా అయితే పౌరసత్వం లేదన్నాడు. కోర్టులు ఆ ఉత్తర్వుకు అడ్డుపడ్డాయి గానీ, ఈలోపే నెలలు నిండని గర్భిణులు సిజేరియన్ చేయమంటూ అక్కడి డాక్టర్ల తలుపు తట్టారని వార్తలొచ్చాయి. మన బిడ్డ వాళ్ల గడ్డ మీద పుడితే పుణ్యం, వాళ్ల బిడ్డ మన ఇంటికి కోడలైతే పాపం!

అమెరికా రాజ్యాంగం మాత్రం మన పెద్దమనిషి మనసెరిగి రాసినట్టుంటుంది. అధ్యక్షుడు పుట్టుకతో పౌరుడై ఉండాలి. 1787లో ఆ మాట రాసినవాళ్లంతా బ్రిటిష్ రాజు ప్రజలుగా పుట్టినవాళ్లే. అందుకని ఇప్పటికే పౌరులైనవాళ్లకు ఇది వర్తించదని పక్కనే తమకో మినహాయింపు రాసుకున్నారు. మన పంచాయతీ తీర్మానాలు కూడా ఇంత చక్కగా ఉండవు. ఆ షరతు ఇప్పుడెవరికి తగులుతోంది? హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్లకు అక్కడికి వెళ్లిన అరుణా మిల్లర్ 2023 నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి గెలిచారు. ఇద్దరి రాష్ట్రాల నడుమ ఉన్న వైట్‌హౌస్ మాత్రం ఇద్దరికీ నిషిద్ధం. ఇది వినగానే మన పెద్దమనిషి భగ్గుమంటాడు: "అన్యాయం! ఎక్కడ పుడితే ఏంది, అంతకాలం సేవ చేశాక?" ఇందాక సోనియా గురించి తీర్పు చెప్పిన నోరే!

ఇంతా చేసి, మన దగ్గర చిక్కులొచ్చింది పరాయిగడ్డ మీద పుట్టినవాళ్లతో కాదు. వేములవాడలో నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ అచ్చమైన తెలంగాణ బిడ్డ. జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో హైకోర్టు తేల్చి 30 లక్షలు కట్టమంది. 2023లో పాలకుర్తిలో అత్త ఝాన్సీరెడ్డికి మన పౌరసత్వం రాకపోతే టికెట్టు కోడలు యశస్వినికి దక్కింది, ఆమె గెలిచింది. 2019లో పర్చూరులో కొడుకు హితేశ్‌కు అమెరికా పౌరసత్వం అడ్డొస్తే తండ్రి దగ్గుబాటి వెంకటేశ్వరరావు దిగి ఓడారు. పాస్‌పోర్టు ఎటు పోయినా టికెట్టు గడప దాటలేదు. టీకొట్టు ధర్మాసనం దీని మీద ఇంతవరకూ ఒక్క వాయిదా కూడా వెయ్యలేదు.

నిజానికి మావాళ్లకు ఇటలీ దాకా అక్కర్లేదు. కనిగిరి ఒంగోలు లోక్‌సభ కిందికొస్తుంది. 2024లో అక్కడ ఒక పక్క నెల్లూరు మాగుంట శ్రీనివాసులురెడ్డి, ఇంకో పక్క చంద్రగిరి నుంచి దింపిన చెవిరెడ్డి భాస్కరరెడ్డి. నాన్‌లోకల్ వద్దు అని అరిచినవాళ్లే బూత్‌లో ఇద్దరు నాన్‌లోకల్స్‌లో ఒకరి మీద నొక్కి వచ్చారు, వేలి సిరా ఆరకముందే టీ తాగారు.

రాష్ట్రపతి ఎన్నికలో మా ఎమ్మెల్యే ఓటు విలువ 159. ఆ 159 తరఫున ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. రాష్ట్రపతి నుంచి సర్పంచి దాకా అభ్యర్థి ఇటలీలో పుట్టనీ, ఇల్లూరులో పుట్టనీ, జనన ధ్రువపత్రం అడగొద్దు. నామినేషన్ రోజు రిటర్నింగ్ అధికారి బల్ల మీద మా బోరు నీళ్లు ఒక చెంబు పెట్టాలి. అధికారి కళ్లెదుట అభ్యర్థి దాన్ని గడగడా తాగాలి. వెంట క్యాను తెచ్చుకున్నవాడి కాగితాలు పరిశీలనలోనే కొట్టేయాలి.