శ్రీమదెలక్ట్రాను దిగ్విజయము

రసికులారా, అవధరించండి! ఏడు సముద్రాలు దాటిన వీరులను, ఏనుగుల కుంభస్థలాలు చీల్చిన వీరులను ఎందరినో విన్నారు. ఈ కథానాయకుడి ముందు వాళ్లంతా మరీ భారీ శాల్తీలు. ఇతడి బరువును కిలోగ్రాముల్లో రాయదలిస్తే మొదట దశాంశ బిందువు పెట్టాలి. దాని వెనుక ముప్పై సున్నాలను బారులు తీర్చి నిలపాలి. ఆ పైనే 91 అనే అంకె రంగప్రవేశం చేయాలి. స్థిరాస్తి ఇంతే. చరాస్తి అంటారా, పుట్టుకతోనే ఋణావేశం.

నాయకుడు ధీరోదాత్తుడై, ప్రఖ్యాత వంశజుడై ఉండాలి కదా అని లాక్షణికులు అడ్డుపడతారని తెలుసు. జగత్తులో ఎలక్ట్రాన్లన్నీ అచ్చుగుద్దినట్టు ఒక్క తీరే. ఏ పరాక్రమం ఏ ఎలక్ట్రానుదో విడమరిచి చెప్పడం బ్రహ్మకైనా అలవి కాదు. సన్మాన సభల్లో శాలువా ఎవరికి కప్పాలన్న పేచీ లేని కావ్యం ఇదొక్కటే కాబట్టి సాహసించాను.

ఇక పురవర్ణన. మన భూమికి కంటికి కనబడని అయస్కాంత దుర్గం ఒకటుంది. పగటి వైపు దాని ప్రాకారం మామూలు రోజుల్లో 60 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉంటుంది. రాత్రి వైపు పెరడు తోకలా సాగి సాగి చంద్రుడి కక్ష్యను కూడా దాటిపోతుంది. ఆ పెరట్లో, పేరూ ఊరూ లేని కోటానుకోట్ల సహోదరుల నడుమ మన వీరుడు పనీపాటా లేక తిరుగుతుంటాడు.

దండయాత్ర 2024 మే నెలలో జరిగింది. సూర్యబింబం మీద 3664 అనే అంకె తగిలించుకున్న మచ్చల గుంపు నుంచి ప్లాస్మా మేఘాలు ఒకదాని వెనుక ఒకటిగా బయలుదేరి, 10వ తేదీన దుర్గాన్ని ఢీకొన్నాయి. వచ్చే సేన అయస్కాంత ధ్వజం ఉత్తరానికి తిరిగి ఉంటే ఎంత తొడగొట్టినా చాలావరకు కోట పక్కనుంచి జారిపోవలసిందే. దక్షిణానికి వాలితే మాత్రం తలుపులు తెరుచుకుంటాయి. వాలింది, తెరుచుకున్నాయి. భూ అయస్కాంత తుఫానులను కొలిచే అయిదు మెట్ల నిచ్చెనలో ఆ తుఫాను చిట్టచివరి మెట్టెక్కింది. 2003 అక్టోబరు తర్వాత అప్పటిదాకా అంత ఎత్తుకు మరొకటి ఎక్కలేదు.

ఇలాంటి వేళ తోకలోని అయస్కాంత బలరేఖలు భరించలేనంతగా సాగి, తెగి, మళ్లీ కొత్తగా అతుక్కుని భూమి వైపు ఎగసివస్తాయి. ఆ కుదుపు ఊరుకోదు. బలరేఖ బిగుతు వెనక్కి లాగుతుంటే, దాన్ని అంటిపెట్టుకున్న ప్లాస్మా బరువు ముందుకు ఈడుస్తుంటే, ఆ పెనుగులాట అలగా మారి రేఖ వెంట ధ్రువాల దిశగా శక్తిని మోసుకుపోతుంది. అదే ఆల్వెన్ అల, మన కావ్యంలో రథం. స్వీడను దేశపు హానెస్ ఆల్వెన్ 1942లో నేచర్ పత్రికలో చిన్న లేఖగా దాని జాతకం ప్రకటిస్తే పండితులు పెదవి విరిచారు. 1948లో షికాగోలో ఆయన ప్రసంగం విని ఎన్రికో ఫెర్మీ తలూపాడనీ, మర్నాటి నుంచి లోకంలోని తలలన్నీ ఊగాయనీ ఒక కథ చెబుతారు. 1970లో నోబెల్ వచ్చింది. పండితుల తలలు ఊగే పద్ధతిలో ఇప్పటికీ పెద్ద మార్పు లేదు.

రథం వచ్చింది, సరే. ఎక్కడమెలా? అల వెడల్పుగా ఉన్నంతకాలం దాని విద్యుత్ క్షేత్రం బలరేఖకు అడ్డంగానే ఊగుతుంది. మన వీరుడు పరుగెత్తవలసింది రేఖ వెంట. పక్కకు ఊపే రథం ముందుకు పోయేవాడికి ఎందుకు? అయితే భూమిని సమీపించే కొద్దీ అల సన్నబడుతుంది, దాని విద్యుత్ప్రవాహం ఇరుకు దారిలో పడుతుంది. ఆ ప్రవాహాన్ని మోయవలసిన కూలీలు ఎలక్ట్రాన్లే. ముప్పై సున్నాల చాటున దాక్కున్న ఆ కాస్త బరువు ఇప్పుడు కదలనని మొరాయిస్తుంది. మొరాయించేవాళ్లను తోయడానికి అల తన విద్యుత్ క్షేత్రాన్ని కొంత రేఖ వైపు మళ్లించక తప్పదు. అందిన ఆ ఊతమే వీరుడికి ఆసనం! నాయకుడి బద్ధకమే నాయకుడికి వాహనమైన కావ్యం ఇంకొకటి చూపించండి, నా కలం విరిచేస్తాను.

ఆసనం అందరికీ దక్కదు. ఆగకుండా పోయే ఆర్టీసీ బస్సును నిలుచున్నవాడు అందుకోలేడు, దాదాపు దాని వేగంతో వెంట పరుగెత్తేవాడే ఫుట్‌బోర్డు పట్టుకుంటాడు. అల కంటే పిసరు నెమ్మదిగా పోయే ఎలక్ట్రాన్లు శక్తిని పుచ్చుకుంటాయి, పిసరు వేగంగా పోయేవి తిరిగి ఇచ్చుకుంటాయి. పుచ్చుకునేవే ఎక్కువ గనుక అల చిక్కిపోతుంది. ఈ జమాఖర్చు 1946లో రష్యా పండితుడు లెవ్ లాండౌ రాసిపెట్టాడు. ఆల్వెన్ అల మీద ఎలక్ట్రాన్ల స్వారీకి ప్రత్యక్ష సాక్ష్యం దొరికింది మాత్రం 2021లో. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 20 మీటర్ల ప్లాస్మా గొట్టంలో అలలు రేపి, అయోవా విశ్వవిద్యాలయం, వీటన్ కళాశాల పరిశోధకులు కొద్దిపాటి ఎలక్ట్రాన్ల స్వారీని కొలిచి చూపారు. ఆకాశంలో అలాంటి వీరుల వేగం సెకనుకు 20,000 కిలోమీటర్ల దాకా పోగలదట. ధ్రువాల దగ్గర ఆకాశంలో వెలిగే అరోరాలన్నీ ఇలాగే పుడతాయని మాత్రం అనుకోకండి. అలలతో పని లేకుండా, నిలకడగా ఉండే విద్యుత్ వోల్టేజి వల్ల వేగం పుంజుకునే ఎలక్ట్రాన్లూ ఉన్నాయి. వాటి కావ్యం వేరే కవి చూసుకుంటాడు.

యుద్ధవర్ణన క్లుప్తం. నేలకు వంద నుంచి మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువు అడ్డొస్తుంది. వీరుడు గుద్దుతాడు. దెబ్బ తిన్న పరమాణువు సుమారు ముప్పావు సెకను తర్వాత పచ్చగా వెలుగుతుంది. మరో రకంగా తగిలితే దాదాపు రెండు నిమిషాలు ఆలోచించి ఎర్రగా వెలుగుతుంది. కింది దట్టమైన గాలిలో అంత తీరిక దొరకదు, ఈలోగా పక్క అణువు వచ్చి తగిలి శక్తిని కాజేస్తుంది. అందుకే ఎరుపు 200 కిలోమీటర్లకు పైనే. అంత ఎత్తున ఉండబట్టే ఆ మే రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే కెమెరాలకు కూడా ఎర్రటి వెలుగు చిక్కింది. చూసినవాళ్లు రంగులను పొగిడారు. అలను ఒక్కరూ తలచలేదు, అది అప్పటికే ఖర్చయిపోయింది.

ఫలశ్రుతి: ఈ కథ విన్నవారికి పుణ్యం రాదు, పెళ్లి కాదు, కరెంటు బిల్లు తగ్గదు. 1989 మార్చి 13న ఇలాంటి తుఫానే కెనడాలోని క్విబెక్‌లో 60 లక్షల మందికి కరెంటు తీసేసింది. అటువంటిది మళ్లీ వస్తే ముందుగా తెలిసేది, 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1తో పాటు 15 లక్షల కిలోమీటర్ల దూరాన కాపలా ఉన్న నౌకలకే. వాటిని తాకిన సౌరపవనం మన దగ్గరికి రావడానికి పట్టేది అరగంట నుంచి గంట.