బహ్రెయిన్‌లో బరువు చెడగొట్టుకునే బంగారు చిట్కాలు

డాక్టరు చీటీ మీద సీఓపీడీ అని రాసిచ్చారా? సిగరెట్ వల్లనో, వెల్డింగ్ పొగ వల్లనో, ఏళ్ల తరబడి పీల్చిన సిమెంటు దుమ్ము వల్లనో, ఊళ్లో కట్టెల పొయ్యి వల్లనో గాలి గొట్టాలు ఇరుకైపోయాయన్నమాట. లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు. ఇన్‌హేలరు, మందుల సంగతి డాక్టరు చూసుకుంటారు. బరువు సంగతి ఎవరికీ పట్టదు కాబట్టి ఆ భారం మేం ఎత్తుకున్నాం. సల్మాబాద్ క్యాంపులో ఎనిమిది మందితో ఉన్నా, గుదైబియా ఫ్లాట్‌లో పెళ్లాం పిల్లలతో ఉన్నా ఈ చిట్కాలు ఒకేలా పనిచేస్తాయి.

1. సన్నబడితే స్వీట్లు పంచండి

జగిత్యాల నుంచి వీడియో కాల్‌లో ఇంటావిడ "ఏందయ్యా, గింత బక్కగైనవ్? చెంపలు లోపలికి పోయినయ్" అంటే, "షుగర్ రావద్దని తిండి తగ్గించిన" అని ఒక్క ముక్కలో తేల్చేయండి. ప్యాంటు జారుతుంటే బెల్టుకి మేకుతో ఇంకో కన్నం పొడవండి. అసలు కారణం మాత్రం చెప్పకండి. మామూలు మనిషికి ఊపిరి తీయడం ఒక పనే కాదు. ఈ జబ్బున్నవాడికి అది రాత్రింబవళ్లు సాగే, జీతం రాని ఓటీ. ఊపిరి తీసే కండరాలే మామూలు కంటే పది రెట్ల దాకా ఎక్కువ కేలరీలు ఖర్చు పెట్టేస్తాయి. తిండి చాలకపోతే ఆ ఖర్చుకి తొడల కండ, ఛాతీ కండ కరిగిపోతుంది.

ఈ రోగుల ఆయుష్షు అంచనా వేయడానికి 2004లో బోడ్ సూచీ అని ఒకటి తయారుచేశారు. ఊపిరి పరీక్ష, ఆయాసం, ఆరు నిమిషాల నడకతో పాటు అందులో నాలుగోది బరువే. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 21 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఒక మార్కు పడుతుంది. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి అది సుమారు 61 కిలోలు. మార్కులు ఎక్కువొచ్చినవాడు తప్పే పరీక్ష అది. మీరు ఫస్ట్ క్లాసు కోసం ప్రయత్నించండి.

2. రోజుకి ఒకేసారి, గొంతుదాకా తినండి

1932లో జెబెల్ దుఖాన్ దగ్గర నూనె పడకముందు ఈ దేశం ముత్యాల మీద బతికింది. ముహర్రఖ్‌లోని ఆనాటి ఇళ్లూ దుకాణాలూ 2012 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. సముద్రంలో మునిగే ఆ మనుషులు పొద్దున కాసిని ఖర్జూరాలు, కాస్త కాఫీతో సరిపెట్టుకునేవారు. అసలు భోజనం చీకటి పడ్డాకే. నిండు కడుపుతో ఊపిరి ఆడదని వాళ్లకు ఏ డాక్టరూ చెప్పనక్కర్లేకపోయింది.

మనం ఇందులో సగమే నేర్చుకుందాం. పగలంతా పస్తుండాలి. శుక్రవారం సెలవు కదా, మజ్బూస్ పళ్లెం ముందేసుకుని వారం బాకీ అంతా తీర్చేయాలి. గాలి నిండిపోయిన ఊపిరితిత్తులు పైనుంచి నొక్కుతుంటే, ఉబ్బిన పొట్ట కిందనుంచి ఎగదన్నుతుంది. మధ్యలో ఊపిరి లాగే కండరం డయాఫ్రమ్‌కి కదిలే చోటుండదు. నాలుగు ముద్దలకే ఆయాసం వస్తుంది, పళ్లెం పక్కకి జరుగుతుంది. అంతే, మన పని అయిపోయింది. అదే తిండిని అయిదారు సార్లుగా కొంచెం కొంచెం తినే పిరికివాళ్లు, తినేముందు అరగంట నడుం వాల్చేవాళ్లు, ఆక్సిజన్ గొట్టం ముక్కుకి ఉంచుకునే తినేవాళ్లు ఈ సుఖానికి నోచుకోరు.

భోజనానికి ముందే చల్లటి కోలా ఒక టిన్ను తాగడం మరచిపోకండి. గ్యాసు పొట్టలో చోటు ఆక్రమించాక అన్నం ఎక్కడ పడుతుంది?

3. కుబూస్, కరక్ చాయ్‌తోనే బండి లాగించండి

పొద్దున అయిదింటికి బస్సు. రెండు కుబూస్‌లు చుట్టి, చక్కెర వేసిన చాయ్‌లో ముంచుకుని మింగితే సరి. మెస్‌లో ఉడకబెట్టిన గుడ్డు ఇస్తే పక్కవాడికి దానం చెయ్యండి, పుణ్యం వస్తుంది. పప్పు గిన్నెలో పైన తేలే తేటే మనది, అడుగున ఉన్న పప్పు ఆఖర్న వచ్చేవాళ్లది. ఈ జబ్బున్నవాళ్లకు కిలో బరువుకి రోజూ 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు పోషకాహార నిపుణులు. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కదా, అంత తక్కువదానికి తినడం దేనికి? పెరుగు, చేప, వేరుశనగలు, పప్పు అంతా కలిపితే లెక్క కుదిరిపోతుందన్న రహస్యం బయటికి పొక్కనివ్వకండి.

4. కదలకండి

బయట ఎండ, ఉక్కపోత, శమాల్ గాలి మోసుకొచ్చే దుమ్ము. ప్రభుత్వమే వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని నిషేధించింది. 2025లో ఆ గడువును రెండు నెలల నుంచి మూడు నెలలకు, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పెంచింది. దీన్ని ఏడాది పొడవునా, రోజంతా వర్తించే నిబంధనగా అర్థం చేసుకోండి. ఏసీ కింద పడుకుని ఫోను చూడండి. పొట్ట పెరిగి డయాఫ్రమ్‌ని నొక్కుతుంది, కాళ్లలో కండ తరుగుతుంది. బరువు, బలహీనత రెండూ ఒకే ఒంట్లో పెంచగలిగినవాడే గొప్పవాడు. మాల్‌లో ఏసీలో నెమ్మదిగా నడిచేవాళ్లనూ, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చునేవాళ్లనూ చూసి నవ్వండి.

5. ఆకలికి షీషా పట్టించండి

సిగరెట్ మానేశారు, శభాష్. షీషా వేరు కదా! నీళ్లలోంచి వస్తుంది, యాపిల్ వాసనేస్తుంది. నీళ్లు పొగను చల్లబరుస్తాయే గానీ విషాన్ని కడగవు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఉచితం. ఇటు ఆకలి చస్తుంది, అటు నాలుకకి రుచి పోతుంది.

6. రూమ్మేట్ మాత్రలు మింగండి

"అన్నా, నాకు ఆయాసమొస్తే ఈ తెల్ల గోలీ ఇచ్చిన్రు, రెండు రోజుల్లో లేచి కూసున్న" అని మిగిలిన స్ట్రిప్పు ఇస్తాడు మంచివాడు. అది స్టెరాయిడ్. ఆకలి విజృంభిస్తుంది, మొహం గుండ్రమవుతుంది, మీరు పుష్టిగా కనిపిస్తారు. లోపల షుగరు పెరగడం, ఎముకలు గుల్లబారడం, తొడల కండ కరగడం ఫోటోలో పడవు కదా. నెలల తరబడి వాడి, ఒకరోజు హఠాత్తుగా ఆపేస్తే ప్రమాదం కూడా మీ సొంతమవుతుంది.

7. తూకం మిషను కొనకండి

వారానికోసారి, పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసి నోటుబుక్కులో రాసుకునేవాడికి అన్నీ ముందే తెలిసిపోతాయి. మీకెందుకు? రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, సాక్సు తీస్తే చీలమండ దగ్గర గుంట పడుతుంటే "కూడు ఒంటబట్టింది" అనుకోండి. గుండె కుడివైపు అలసి నీరు చేరుతోందేమోనన్న అనుమానమే రానివ్వకండి.

ఇంతవరకూ చెప్పినవన్నీ తిరగేసి పాటించండి. ఇది మాత్రం తిన్నగా చదవండి: తగ్గాలని మీరు అనుకోకుండానే ఆరు నెలల్లో ఒంటి బరువులో అయిదు శాతం, అంటే 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు తగ్గితే, లేదా కాళ్లు వాచి బరువు ఒక్కసారిగా పెరిగితే, సెలవుకి ఊరెళ్లినప్పుడు చూపించుకుందామని ఆగకండి. సీపీఆర్ కార్డు, వాడుతున్న మందులు, బరువు రాసిన కాగితం జేబులో పెట్టుకుని ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన ఇన్‌హేలరు గురించే మాట్లాడి లేవబోతే, "సార్, నా బరువు సంగతి కూడా చూడండి" అని మీరే అడగండి.