ఎలుగు పద్యం: టీకా తాత్పర్యం

నడుమ కట్టినట్టి నలుబది నాలుగే
కాచు నన్ను, వినుఁడు, కారమేల!
ఎలుఁగు దూకెనేని యిట్టె నేఁ బేల్చెద
గురియె తప్పదెందు, కొంకు లేదు.

అవతారిక: అమెరికాలోని మోంటానా, వయోమింగ్ కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు పోయేవాళ్ల విడిదిలో, చలిమంట చుట్టూ, ఈ పద్యం ఏదో ఒక రూపంలో వినపడక తప్పదు. కవి ఒక్కడు కాడు, విడిదికొకడు. కొత్తవాళ్లెవరైనా వింటున్నారంటే గ్రంథం పెరుగుతుంది.

టీక: నడుమ, కట్టినట్టి, వినుఁడు మొదలైనవి పిల్లలకూ తెలుసు, వదిలేద్దాం. నలుబది నాలుగు = పాయింట్ ఫార్టీఫోర్ మాగ్నమ్ రివాల్వర్. టెన్ ఎమ్ఎమ్ అని పాఠాంతరం. ఈ రెండు పాఠాలవారూ తెల్లవార్లూ కొట్లాడుకుంటారు. అంతసేపూ ఎత్తున కట్టకుండా వదిలేసిన మాంసం బయట వాసన కొడుతూనే ఉంటుంది.

కారము = బేర్ స్ప్రే. ఇక్కడ కాస్త నిలవాలి. డబ్బాలో ఘాటు పుట్టించే క్యాప్సైసిన్ జాతి పదార్థాలు 1 నుంచి 2 శాతం. గుంటూరు మిర్చి యార్డు గేటు దాటగానే తుమ్మినవారికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు. మిరపపండును పక్షి హాయిగా తింటుంది. దానికి మంట తెలియదు, గింజను ఎక్కడో దూరాన వేసి వస్తుంది. నమిలి గింజను పాడుచేసే క్షీరదాలకే ఆ శిక్ష. ఎలుగు క్షీరదం. వ్యాఖ్యాతా క్షీరదమే, కాని కొత్తావకాయ దగ్గర ఈ నియమం చెల్లదు. మరో విశేషం: కొందరు మహానుభావులు ముందుజాగ్రత్తగా ఈ కారాన్ని గుడారం చుట్టూ చల్లుకునేవారు. అలాస్కాలో అలా కారం పడిన నేల మీదికి గోధుమరంగు ఎలుగులు వెతుక్కుంటూ వచ్చి పొర్లాయని పరిశోధకుడు టామ్ స్మిత్ 1998లో రాశాడు. ముఖాన పడితే మంట, నేలన పడితే తాలింపు.

పద్యం ఎక్కడో ఆగింది. ఆ, గురి.

"గురియె తప్పదెందు": అతిశయోక్తి. గ్రిజ్లీ ఎలుగు గంటకు 50 కిలోమీటర్లకు తగ్గకుండా పరుగెత్తగలదు. 30 మీటర్ల దూరంలో పొద మాటున లేచిందంటే కవిగారికి ఉన్నవి రెండు సెకన్లు. అందులో కోటు గుండీలు కూడా విప్పుకోవాలి.

శంక: అలాస్కా లెక్కల్లో పిస్తోలు నూటికి 84 సార్లు పనిచేసింది కదా? సమాధానం: చేసింది. స్మిత్, హెరెరో ప్రభృతులు 2012లో ప్రచురించిన అదే పత్రం, తుపాకీ పేల్చినవారికీ, ఉండీ పేల్చనివారికీ గాయాల్లో, చావుల్లో తేడా కనపడలేదనీ చెప్పింది. ఆ వాక్యం మాత్రం విడిదిలో ఎవడూ చదవడు.

కారపక్షం వారూ తక్కువవాళ్లేం కాదు. డబ్బా కొంటారు, సంచి అడుగున దుప్పటి కింద దాస్తారు. కారం చిమ్మే దూరం ఎనిమిది తొమ్మిది మీటర్లు, అదీ ఎదురుగాలి లేకపోతే. ఒక్కసారైనా ఉత్తుత్తి డబ్బాతో సాధన చేసినవాడు కనపడడు.

తాత్పర్యం: వేటగాడు చప్పుడు చేయడు, మసక వెలుతుర్లో తిరుగుతాడు, గాలికి ఎదురు నడుస్తాడు, పైపెచ్చు ఎల్క్‌లా కూత పెడతాడు. ఎలుగును పిలవడానికి ఇంతకంటే ఏం చేయాలి? జంతువు పడ్డాక మోకాళ్ల మీద వంగి పేగులు తీస్తుంటాడు; మోచేతుల దాకా నెత్తురు, రైఫిల్ చెట్టుకు ఆనించి ఉంటుంది, అడ్డమొస్తోందని విప్పిన బెల్టు పిస్తోలుతో సహా సంచి మీద ఉంటుంది. ఎలుగు వచ్చేది అప్పుడే. ఆ వేళ కావలసింది, తల ఎత్తి చుట్టూ చూస్తూ, డబ్బా చేతబట్టుకుని నిలబడే ఇంకో మనిషి. నాలుగు పాదాల్లో అతనికి కవి ఒక్క గణమైనా కేటాయించలేదు.