అద్దంకిలో ఆగిన రైడర్

హైదరాబాదు నుంచి తిరుపతి పోయేవాళ్ళకి అద్దంకి ఊరు కాదు, రోడ్డు పేరులో సగం. "నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డెక్కితే చాలు" అంటారు గానీ, అద్దంకిలో దిగమని ఎవరూ చెప్పరు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ, నరసరావుపేట మీదుగా వచ్చే ఈ దారి మేదరమెట్ల దగ్గర చెన్నై హైవేలో కలుస్తుంది. కార్లవాళ్ళు టోల్‌గేట్ల దగ్గర వరసలో నిలబడితే, పక్క సందులోంచి పైసా కట్టకుండా జారుకోవడం మోటార్‌సైకిలువాడికి దక్కే ఏకైక రాజభోగం.

నన్ను అద్దంకిలో ఆపింది మాత్రం మిరపకాయే. మార్చి నెల. కళ్ళాల్లో ఎండిన కాయ బస్తాలకెక్కి గుంటూరు యార్డుకి కదిలే రోజులు. ఎదురొచ్చిన లారీ పట్టా ఎగిరి, ఘాటంతా నా హెల్మెట్‌లో దిగబడింది. హెల్మెట్‌లో తుమ్మినవాడికి ఆ సుఖం వర్ణించి చెప్పక్కర్లేదు, తుమ్మనివాడికి చెప్పినా అర్థం కాదు. ముందు అద్దం మసకేసింది, తర్వాత రోడ్డే మాయమైంది. ఎలాగో టీ బంకు ముందు బండి ఆపాను.

మోకాళ్ళకి ప్యాడ్లు, చేతులకి గ్లవ్స్, ఆ ఎండలో మెడదాకా జాకెట్టు. బల్లమీదున్న పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం మందు కొడుతున్నావు బాబూ? మిరపకేనా?" అన్నాడు.

"మందు కాదు బాబాయ్, బైకు మీద తిరుపతి పోతున్నా."

"కారు లేదా?"

"ఉంది."

"రైలు టిక్కెట్టు దొరకలేదా?"

"ప్రయత్నించలేదు."

ఆయన గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఏమన్నా గొడవా?"

దేశాటన, స్వేచ్ఛ, గాలి అంటూ ఏదో చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "లీటరుకి ఎంతిస్తది?" అన్నాడు. "ముప్ఫై" అన్నాను. బల్లమీద అందరూ జాలిగా నిట్టూర్చారు. "మావాడి బండి అరవై ఇస్తది. పైగా రెండు బస్తాలు లాగుద్ది."

పరువు నిలబెట్టుకుందామని చరిత్రలోకి దిగాను. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డికి ఇదే రాజధాని కదా అన్నాను. "కొడుకు అనవోతారెడ్డి దాన్ని కొండవీడుకి మార్చేశాడులే" అన్నాడాయన, నిన్ననే జీవో వచ్చినట్టు. "ఎర్రన మాత్రం మావాడే. నన్నయ్య అరణ్యపర్వం సగంలో ఆపాడు, తిక్కన్న దాన్ని ముట్టకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మిగిలిన ముక్క పూర్తిచేసింది ఎర్రనే. నడిదోవలో ఆగినవాటి సంగతి చూడటం మాకు అలవాటే బాబూ."

అక్కడితో ఆగలేదు. "అంత పనిచేసి కూడా తన పేరు పెట్టుకోలా. నన్నయ్యే రాసినట్టు రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు" అన్నాడు. ఆ ముక్క చెవినపడే వేళకి నేను టీగ్లాసు, బండి, నా మొహం ఒకే ఫ్రేములో పట్టే పనిలో ఉన్నాను. ఫోను మెల్లగా జేబులో పెట్టుకున్నాను.

లేస్తుంటే పెద్దాయన అడిగాడు: "తిరుపతి అంటే మేదరమెట్ల మీదుగానేగా?"

అవునన్నాను. అనకపోతే తిరుపతే రాదు.

"ఒరే అబ్బాయ్, రా! ఈ సారు పోతున్నాడు, ఎక్కు." మనవడు ఎక్కాడు. వాడి సంచి ఎక్కింది. దానిమీద వాళ్ళ అత్తయ్యకి పంపే పచ్చడి జాడీ ఎక్కింది. ఒంటరి సాహసయాత్ర అని ఇంట్లో చెప్పి బయల్దేరినవాణ్ణి, జాడీ ఒలక్కుండా ప్రతి గుంతకీ వంగి దణ్ణం పెడుతూ నడిపాను.

మేదరమెట్లలో కుర్రాడు దిగాడు. జాడీ భద్రంగా దించుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి వినయంగా అడిగాడు:

"ఆటోకైతే ఇరవై ఇస్తాం. మీకెంత ఇమ్మంటారు సార్?"